బండ వెనక బొట్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో తాతయ్య మాటకు ఎదురు లేదు. ఎదురు చెప్పే ధైర్యం మా నాన్నకు లేదు, చిన్నాన్నకు లేదు, ఆఖరికి మా బర్రెలకు కూడా లేదు. ఆయన కొట్టంలోకి వచ్చి గొంతు సవరించుకుంటే తోక ఊపుతున్న బర్రె కూడా ఊపడం ఆపేసేదని మా నానమ్మ నవ్వేది. అలాంటి మనిషి, ఇంటినిండా చుట్టాలు చూస్తుండగా, తాను ముచ్చటపడి పెట్టించుకున్న స్నానాలగది బండలను తన చేతులతో తానే పడగొట్టాడు. మొదటి బండ పడ్డ చప్పుడు ఇంకా నా చెవుల్లోంచి పోలేదు. ఇవాళ నేనూ నానమ్మనయ్యాను, ఇంట్లో నా మాటకూ కాస్త బరువొచ్చింది. అందుకే ఆ చప్పుడు ఇప్పుడు మరీ ఎక్కువగా వినిపిస్తుంటుంది.

మాది ఛత్రినాకలో పాలవాళ్ల ఇల్లు. ముందు రెండు గదులు, వెనక వాకిలి, వాకిలి చివర రాతిగోడల బర్రెల కొట్టం. స్నానాలగది అనే మాట మాకు తెలియదు. వాకిట్లో ఓ మూల గోనెపట్టాలు కట్టి ఉండేవి, ఆడవాళ్లందరూ తెల్లవారకముందే వాటి చాటున నాలుగు చెంబులు పోసుకుని బయటపడాలి. గాలి వీస్తే ఒక చేత్తో చెంబు, ఒక చేత్తో పట్టా. మా అమ్మ ఆ కాలం గురించి చెబుతూ, నాకు మూడో చెయ్యి లేని లోటు అప్పుడే తెలిసింది అనేది.

మా మేనత్త, అంటే తాతయ్యకు ఒక్కగానొక్క కూతురు, తొలికాన్పుకు పుట్టింటికి రావడంతో ఈ కథ మొదలైంది. ఆమె అత్తగారింట్లో గోడలకు నున్నటి బండలు బిగించిన స్నానాలగది ఉంది. కోడలిని దిగబెట్టడానికి వచ్చిన వియ్యపురాలు మా గోనెపట్టాల వంక చూసి, "బాలింత ఈ పట్టాల సాటునేనా తానం చేసేది?" అని ఒక్క మాట అంది. తప్పుగా ఏమీ అనలేదు, ఉన్నదే అడిగింది. కానీ ఆ మాట తాతయ్యకు ముల్లులా దిగింది. మనవడో మనవరాలో పుట్టేసరికి బండల గది తయారుగా ఉండాలని ఆయన ఆ పూటే హుకుం జారీ చేశాడు.

అప్పటికే పశువులు తగ్గి కొట్టంలో ఒక పక్క ఖాళీ అయింది. అక్కడే అడ్డుగోడ కట్టి గది చేయాలనుకున్నారు. చిక్కంతా వెనకగోడతోనే వచ్చింది. ప్రతి ఏడాది బోనాలకు ముందు ఆ గోడకు సున్నం వేసేవాళ్లు. పాత సున్నం గీకడం అనేది మా ఇంట్లో లేదు, దాని మీదే కొత్తది. సున్నం ఆరగానే నానమ్మ పసుపు అద్ది కుంకుమ బొట్లు వరసగా పెట్టేది. బర్రెలు చల్లగా ఉండాలని మైసమ్మకు మొక్కుకునే గోడ అది. ఒక ఏడు గాలికుంటు వచ్చి చుట్టుపక్కల కొట్టాలన్నీ ఊడ్చుకుపోయినా మా కొట్టంలో ఒక్క దూడకు కూడా ఏమీ కాలేదట. ఆ గోడ మీది బొట్లే కాపాడాయని తాతయ్య నమ్మకం. అలా బొట్ల మీద సున్నం, సున్నం మీద బొట్లు. ఎన్నేళ్లవో ఎవరికీ లెక్క తెలియదు.

మొఘల్‌పురా నుంచి ఒక మేస్త్రి వచ్చాడు. సన్నటి మనిషి, నెరిసిన గడ్డం, గడప దగ్గరే చెప్పులు విడిచి సలాం చేసేవాడు. షాబాద్ బండలు బండిలో వచ్చి వాకిట్లో దిగాయి. ఒక్కో బండ లేపడానికి నాన్న, చిన్నాన్న ఇద్దరూ పట్టుకోవాలి. మేస్త్రి ముందు బండల వంక చూడలేదు, గోడ వంక చూశాడు. గోటితో గీకాడు. సున్నం పెచ్చు ఊడి ఆయన అరచేతిలో పడింది.

"బాపూ, ఈ చున్నా మొత్తం గీకాలె. లోపటి రాయి కనవడేదాంక గీకి, దాని మీద గాట్లు పెట్టాలె. అప్పుడే బండ గోడను పట్టుకుంటది," అన్నాడు.

తాతయ్య ముఖం ఎర్రబడింది. "గీకుడు లేదు, గాట్లు లేవు. అది అమ్మవారి గోడ. అమ్మవారి మీద ఉలి పెడ్తవా నువ్వు?" అని గర్జించాడు. వాకిట్లో అందరూ ఎక్కడివాళ్లు అక్కడ నిలబడిపోయారు. మేస్త్రి నోరు తెరిచాడు. నేను అక్కడే బండల కుప్ప మీద కూర్చుని ఉన్నాను కనుక బాగా చూశాను, ఏదో మాట ఆయన పెదాల దాకా వచ్చింది. తర్వాత ఆయన నోరు మూసుకుని, ఉలి సంచిలో పెట్టేసి, "సరే బాపూ, మీరెట్ల చెప్తే గట్లనే" అన్నాడు.

పని మాత్రం శ్రద్ధగానే చేశాడు. గోడను తడిపి, బండ వెనక సిమెంటు పూసి, కింది వరస నుంచి పైకి ఒక్కో వరసే బిగించుకుంటూ పోయాడు. కదలకుండా వెదురుబొంగులు ఆనించి, ఆరేదాకా పై వరస ముట్టుకోలేదు. అంతా అయ్యాక బండలు తడిగుడ్డతో తుడిస్తే మా ముఖాలు మసకమసకగా కనబడ్డాయి. పిల్లలం అద్దం దొరికినంత సంబరపడ్డాం. తాతయ్య బేగంబజార్ వెళ్లి రాగి గంగాళం, కొత్త చెంబు, నానమ్మ కూర్చోవడానికి టేకుపీట తెచ్చాడు. గల్లీలో వాళ్లందరినీ పిలిచి మరీ చూపించాడు.

పని అయిపోయాక కూడా మేస్త్రి మా గల్లీలోంచి వెళుతూ గేటు దగ్గర సైకిల్ ఆపి, "అంత ఖైరియతే గదా బాపూ?" అని క్షేమం అడిగేవాడు. మా అమ్మ లోపలికి రమ్మని చాయ్ ఇచ్చేది. తాగుతున్నంతసేపూ ఆయన కళ్లు కొట్టం వైపే ఉండేవి. మేస్త్రికి మన చాయ్ మరిగిందే అని చిన్నాన్న వేళాకోళం చేసేవాడు. నేనూ నవ్వేదాన్ని.

అత్తకు ఆడపిల్ల పుట్టింది. పురుటి స్నానం రోజున మంచి గడియ చూసి, కొత్త గదిలో మొదటి నీళ్లు పసిదానికే పోయాలని తాతయ్య పట్టుబట్టాడు. అత్తగారి వైపు వాళ్లంతా దిగారు. మా వైపు చుట్టాలకు లెక్కే లేదు. గదికి మామిడాకులు కట్టారు, బండలకు పసుపు రాశారు. గంగాళంలో వేడినీళ్లు సిద్ధంగా ఉన్నాయి. పసిపిల్లకు నీళ్లు పోయడం ఎలాగో మీకు తెలుసు కదా. పెద్దావిడ కాళ్లు చాపుకుని పీట మీద కూర్చుని, బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుంటుంది. నడుము నొప్పి మనిషి కనుక మా నానమ్మకు వీపు గోడకు ఆనాలి. అందుకని పీటను వెనకగోడకు ఆనించి వేశారు. దానికి పైన, నిలువెత్తు దాకా, నున్నటి బండలు.

నానమ్మ చీర ఎగ్గట్టి, బిడ్డను గుడ్డలో చుట్టుకుని గడప దాకా వచ్చింది. లోపల తాతయ్య వియ్యంకుడికి గది చూపిస్తున్నాడు. ఆయన "మస్తుగ కట్టించినవ్ బావా" అని మెచ్చుకుంటుంటే తాతయ్య ఛాతీ ఉబ్బింది. ఆ సంతోషంలో వేలు మడిచి, పీట పైన ఉన్న బండ మీద టకటకా కొట్టాడు.

అది ఆయన అలవాటు. పొద్దున్నే వరసగా పెట్టిన పాల క్యాన్ల మీద అలాగే వేలితో కొట్టి, మూత తీయకుండానే ఏది నిండుది, ఏది వెలితిది చెప్పేవాడు. నేను గడప పక్కనే, నానమ్మ చీర కుచ్చిళ్లు పట్టుకుని నిలబడ్డాను. బండ చేసిన చప్పుడు నాకూ వినబడింది. అది ఖాళీ క్యాను చప్పుడు.

తాతయ్య నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. పక్క బండ మీద కొట్టాడు. ఖాళీ. దాని పై బండ మీద కొట్టాడు. అదీ ఖాళీ. వియ్యంకుడు ఇంకా ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు, తాతయ్య ఆయన భుజం పట్టి బయటికి నెట్టినంత పని చేసి, రెండు చేతులూ చాచి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "ఎవ్వరు లోపటికి రావొద్దు. గడపార తెండ్రి," అన్నాడు.

గడపార అన్న మాట వినేసరికి అందరూ గుమ్మం దగ్గరికి తోసుకొచ్చారు. నాకైతే తాతయ్యకు మతి పోయిందనే అనిపించింది. నానమ్మ బిడ్డను గుండెకు హత్తుకుని, "ఏమైంది నీకు? పిల్లకు నీళ్లు పోసే యాళ్లకు ఈ లొల్లేంది? గడియ దాటిపోతున్నది," అని అరిచింది. అత్త ఏడుపు లంకించుకుంది. వియ్యపురాలి ముఖం మాడిపోయింది.  నాన్న గడపార తెచ్చి ఇస్తే, తాతయ్య దాని మొనను పీట పైన ఉన్న బండకూ దాని పక్క బండకూ మధ్య సందులో ఆనించాడు. ఆనించాడంతే. ఇంకా బలం పెట్టనే లేదు.

ఎండిన పిడక గోడ మీంచి ఊడినట్టు ఆ బండ మొత్తంగా ఊడి వచ్చింది. తాతయ్య ఒక్క అంగలో వెనక్కి దూకాడు. ఇద్దరు మగవాళ్లు మోసిన బండ టేకుపీట మీద పడింది. పీట ఫెళ్లున రెండు చెక్కలైంది. రాగి గంగాళం పక్కకు ఒరిగి వేడినీళ్లు గడప దాకా పొర్లాయి.  పసిది కేరుమంటోంది. నానమ్మ ముక్కలైన పీటనే చూస్తోంది. తాను కూర్చోబోయిన చోటు. మనవరాలి తల ఉండబోయిన చోటు. ఆమె అలాగే గడప మీద కూలబడింది. నేను కుచ్చిళ్లు వదల్లేదు, ఆమెతో పాటే కూలబడ్డాను.

అక్కడితో అయిపోలేదు. బండ బోర్లా పడింది, దాని వీపు పైకి తేలింది. జొన్నరొట్టె మందాన సున్నం ఆ వీపుకు అతుక్కుని ఉంది. ఆ సున్నం మీద వరసగా పసుపు, పసుపులో కుంకుమ. నానమ్మ ఎప్పుడో ఏ బోనాలకో పెట్టిన బొట్లు. ఉలి తగలకూడదని తాతయ్య ఎవరినీ నోరెత్తనివ్వకుండా కాపాడుకున్న బొట్లు, బండతో పాటు గోడను వదిలి నేల మీదికి వచ్చేశాయి. తాతయ్య వంగి వాటిని చూశాడు.  

ఆ తర్వాత ఒక్కో బండకూ గడపార ఆనించుకుంటూ పోయాడు. పై వరసలన్నీ అలాగే ఊడి వచ్చాయి. అన్ని వీపులకూ సున్నం, సున్నానికి బొట్లు. కింది వరసలు మాత్రం ఎంత పొడిచినా కదల్లేదు. అక్కడ ఏళ్ల తరబడి బర్రెలు ఒళ్లు రుద్దుకుని రుద్దుకుని సున్నమంతా ఎప్పుడో రాల్చేశాయి. బండ రాతిగోడనే పట్టుకుంది. తాతయ్య చెమట తుడుచుకుంటూ, "నాకన్న బర్రెలు నయం," అన్నాడు. 

వియ్యంకుడు మేస్త్రి కాలర్ పట్టుకుని ఈడ్చుకురావాలన్నాడు. నాన్న వెళ్లి ఆయనను పిలుచుకొచ్చాడు. గేటు దగ్గర నిలబడి, వాకిట్లో పరిచి ఉన్న బండలు చూసి ఆయన ముఖం పాలిపోయింది. "పాపకేం గాలేదు గదా?" అన్నదే ఆయన మొదటి మాట.

"ఏం గాలే," అన్నాడు తాతయ్య. తర్వాత చుట్టాలందరి వైపూ తిరిగి, "ఈయన చెప్పిండు. సున్నం గీకాలె అన్నడు. నేనే ఇనలే. అందరు ఇనుండ్రి, తప్పు నాది," అన్నాడు. మా నాన్న తల దించుకున్నాడు. తండ్రి నోట ఆ మాట వినేసరికి ఆయనకు కూడా భయం వేసిందనుకుంటాను. తాతయ్య మళ్లీ మేస్త్రి వైపు తిరిగాడు. "కాని నువ్వెందుకు ఊకున్నవ్? ఇంకోపారి ఎందుకు చెప్పలే?"

మేస్త్రి వంగి ఒక బండ వీపు తడిమాడు. "బాపూ, బండ ముచ్చటైతే నేను మీతోని లొల్లి పెట్టుకుందును. మీరు అమ్మవారి పేరు తీసిండ్రు. వేరే మజబ్ ఓణ్ణి, మీ దేవుళ్ల ముచ్చట్ల నేనేమని మాట్లాడాలె? అప్పటి సంది మస్తు ఫికర్. రోజు నమాజుల దువా చేస్తున్న, ఆ బండలు ఆగాలె అని."

సైకిల్ ఆపి ఖైరియత్ అడగడం దేనికో అప్పుడు తెలిసింది. చాయ్ మరిగాడన్న చిన్నాన్న ముఖం దాచుకున్నాడు. మా తాతయ్య అమ్మవారి గోడకు ఏం కాకూడదని మా అమ్మవారికి మొక్కుకుంటుంటే, మా బిడ్డకు ఏం కాకూడదని ఆ మనిషి తన దేవుడికి మొక్కుకుంటున్నాడు. ఇద్దరి మధ్య ఒక్క మాట ఆగిపోయినందుకు పసిగుడ్డు ప్రాణం మీదికొచ్చింది.

"ఖైరియత్ అడిగితే సాలది. నేను తిట్టినా దర్వాజ కొట్టి చెప్పాలె నువ్వు," అన్నాడు తాతయ్య.  "కాని నీ నోరు మూసింది నేనే. అమ్మవారి పేరు చెప్పి మూసిన."

అప్పుడు గడప మీద కూర్చున్న నానమ్మ నిదానంగా అంది: "ఆయన ఒక్కనిదేనా? మాకందరికి అనుమానమే ఉండె. అడిగితే ఇంట్ల ఉండనిచ్చెటోనివా నువ్వు?" తాతయ్య ఆమె వంక, నాన్న వంక, చిన్నాన్న వంక చూశాడు. ఎవరూ కాదనలేదు. బండ పడ్డప్పుడు కూడా ఆయన అంత అదిరిపోలేదు.

ఆ రోజు పసిదానికి గోనెపట్టాల చాటునే నీళ్లు పోశారు. గాలికి పట్టా ఎగిరితే వియ్యపురాలే వచ్చి ఒక పక్క పట్టుకుంది. నానమ్మ బొట్లున్న సున్నం పెచ్చులన్నీ చేటలోకి ఎత్తి వాకిట్లో వేపచెట్టు మొదట్లో పోసి, దండం పెట్టుకుంది. సాయంత్రం తాతయ్య మేస్త్రి సంచిలోంచి ఉలీ సుత్తీ అడిగి తీసుకున్నాడు. తన చేత్తో గోడ మీద మొదటి గాటు తానే పెట్టాడు. అలవాటు లేని చేతికి అది వంకరగా, మరీ లోతుగా దిగింది. "ఇగ కొట్టు" అని సుత్తి మేస్త్రికి ఇచ్చేశాడు. ఈసారి రాయి కనబడేదాకా గీకి, గోడంతా గాట్లు పెట్టాకే బండలు లేపారు. ఒక్కో బండ ఆరగానే తాతయ్య వేలు మడిచి కొట్టేవాడు, మేస్త్రి చెవి ఆనించి వినేవాడు.

పెద్దల మాట చద్దన్నం మూట అంటారు. నిజమే, కానీ మూట విప్పి వాసన చూడకుండా తినమని ఎవరూ అనలేదు. నేను అత్తనయ్యాక ఇంట్లో ఏదైనా గట్టిగా చెప్పేసిన వెంటనే, ఎదుటివాళ్ల నోటి వంక చూడడం అలవాటు చేసుకున్నాను. తెరుచుకుని మూతపడ్డ నోరు కనబడితే నాకు నిద్ర పట్టదు. నా కోడలు నన్ను ఆటపట్టిస్తుంది, మా అత్తమ్మ తిట్టి మరీ ఎదురు చెప్పించుకుంటుందని.

ఆ నోరే మొన్న మళ్లీ కనబడింది. పెళ్లయ్యాక కూడా నేను ఆ ఇంట్లోనే ఉండిపోయాను, మా ఆయన ఇల్లరికం వచ్చాడు. ఇప్పుడు మా అబ్బాయి ఆ స్నానాలగదికి గ్రానైట్ పెట్టిస్తానన్నాడు. సరే అన్నాను, కానీ పాత షాబాద్ బండలు తీస్తానంటే మాత్రం ఒప్పుకోలేదు. "అవి మా తాత పెట్టించినయి. వాటిని ముట్టొద్దు, మీదికెల్లే అతికిచ్చుండ్రి," అని మా అబ్బాయి తీసుకొచ్చిన కుర్ర మేస్త్రికి గట్టిగా చెప్పి వంటింట్లోకి వచ్చేశాను. పొయ్యి వెలిగించబోతుంటే ఆ కుర్రాడి ముఖం గుర్తొచ్చింది. నోరు తెరిచాడు. మూశాడు. "సరే అమ్మా" అన్నాడు. పొయ్యి అలాగే వదిలేసి పరుగున వెళ్లాను.

"ఏదో చెప్పబోయి మింగినవ్. చెప్పు బిడ్డా," అన్నాను.

అతను మా అబ్బాయి వంక చూసి నసిగాడు. "ఆ బండలు నున్నగైనయి అమ్మా, వాటి మీద గింత బరువు ఆగది. కాని తాత జ్ఞాపకం అన్నరు గద, ఇగ నేనేమంట?"

దేవుడి పేరుతోనే కాదు, చచ్చిపోయిన తాత మీది ప్రేమతో కూడా ఎదుటివాడి నోరు మూయవచ్చని ఈ వయసులో తెలిసింది. తీసేయమన్నాను. ఆ బండలు తేలిగ్గా రాలేదు, ముక్కలుముక్కలుగా, గోడను వదలనని మొండికేస్తూ వచ్చాయి. సిమెంటు గీకేస్తే, వాటి వెనక రాతి మీద అప్పటి మేస్త్రి పెట్టిన సన్నటి గాట్లు, వాటి మధ్యలో ఒకటి వంకరగా, మరీ లోతుగా. నేను దాని మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాను. నా వేలి కొస అందులోకి దిగింది. నా కళ్లలో నీళ్లు చూసి, అంతమేర వదిలేయమంటారా అని కుర్ర మేస్త్రి అడిగాడు.

"వద్దు బిడ్డా, దాని మీదనే పెట్టు. అది బండను పట్టుకునేటందుకు పెట్టిన గాటు," అన్నాను. కొత్త బండ ఆరాక వేలు మడిచి కొట్టి చూశాను. నిండు క్యాను చప్పుడు వచ్చింది.